ఒకే సంచిలో రెండు పంపులు: ఏది ఎవరికి, ఎందుకు

కిందటి కార్తీక మాసంలో మా పెద్దమ్మ నెల్లూరు నుంచి పినాకినిలో చెన్నై వచ్చింది, ఆయాసానికి ఇక్కడ చూపించుకుందామని. ఇంటికి రాగానే సంచి బోర్లిస్తే ఊపిరి గొట్టాలు తెరిచే ఆస్తాలిన్ పంపు ఒకటి, మాంటెక్ ఎల్‌సీ అట్టలు రెండు, సగం వాడిన డెరిఫిలిన్ అట్ట, అడుగున స్టెరాయిడ్ కలిసిన రొటాక్యాప్స్ (పొడిగా పీల్చే క్యాప్సూల్స్) డబ్బా బయటపడ్డాయి. ఆ డబ్బా ఆవిడది కాదు. షోలింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అక్క కొడుకుది. "నాకు బాగా పనిచేసింది అమ్మమ్మా, నువ్వూ వాడు" అని దసరాకి ఇచ్చాడట. ఊరికే తీసుకోవడం ఎందుకని ఆవిడ తన దగ్గరున్న ఆస్తాలిన్‌లలో ఒకటి వాడి చేతిలో పెట్టింది. ఆవకాయకి మాగాయ మార్చుకున్నట్టు మార్చుకున్నారు.

ఇద్దరికీ ఆయాసమే, ఇద్దరికీ పిల్లికూతలే. కానీ వాడిది చిన్నప్పటి నుంచి ఉన్న ఉబ్బసం. ఆవిడది నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ముందు కూర్చుని తెచ్చుకున్న సీఓపీడీ, అంటే పొగకి ఊపిరి గొట్టాలు పాడైపోయే జబ్బు. బీడీ కాదు, సిగరెట్ కాదు, వంట పొగ. మన దేశంలో ఆడవాళ్ళకు ఈ జబ్బు ఎక్కువగా వచ్చే దారి అదే.

నేను ఇక్కడో ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెప్తాను. డాక్టర్ని కాను. మందు రాయడం, మార్చడం మీ డాక్టరు పని. కానీ నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చూపించుకోవడానికి వచ్చేవాళ్ళు మా ఇంట్లో దిగడం, పోయేముందు "ఈ రెంటిలో ఏది వాడమంటావు?" అని అడగడం ఏటా జరిగేదే. అందుకే రాస్తున్నాను. నేను చెప్పదలుచుకుంది ఒక్కటే: ఉబ్బసంలో పెద్ద తప్పు స్టెరాయిడ్ లేకుండా గొట్టాలు తెరిచే మందు ఒక్కటే వాడటం. సీఓపీడీలో తప్పు సరిగ్గా దానికి తలకిందులు, గొట్టాలు తెరిచే మందు సరిగా వాడకుండా అందరికీ స్టెరాయిడ్ పట్టించడం. ఎందుకో తెలియాలంటే రిసెప్టర్ల సంగతి కొంచెం తెలియాలి.

కాలింగ్ బెల్లులు

శ్వాసనాళం గోడలో ఉండే కండర కణాన్ని అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాట్ అనుకోండి. తలుపు పక్కన నాలుగైదు రకాల కాలింగ్ బెల్లులున్నాయి. వచ్చినవాడు లోపలికి రాడు, బెల్ నొక్కి పోతాడు. ఏ బెల్ మోగిందో దాన్ని బట్టి లోపలివాళ్ళు నడుచుకుంటారు. రిసెప్టర్ అంటే అంతే.

బీటా-2 అనే బెల్‌ని మామూలుగా ఎడ్రినలిన్ నొక్కుతుంది. అది మోగితే లోపల సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థం పెరిగి, కండరం వదులై, గొట్టం తెరుచుకుంటుంది. ఎం3 అనే బెల్‌ది ఎదురు కథ. వేగస్ నాడి కొసల నుంచి వచ్చే ఎసిటైల్‌కోలిన్ దాన్ని నొక్కితే లోపల కాల్షియం పెరుగుతుంది, కండరం బిగుసుకుంటుంది, కఫం గ్రంథులు ఊరతాయి. మూడోది ల్యూకోట్రయిన్ల బెల్. ఎలర్జీ కణాలు దాన్ని మోగిస్తే బిగుసుకోవడంతో పాటు వాపు కూడా వస్తుంది. ఇవన్నీ ఒకే వంశం, జీ ప్రొటీన్‌తో జతకట్టిన రిసెప్టర్లు. ఈ వంశం ఎలా పనిచేస్తుందో తేల్చినందుకే 2012లో రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయాన్ కోబిల్కాలకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. కోబిల్కా ఏళ్ళ తరబడి పట్టుకుని వేలాడింది ఈ బీటా-2 మీదే. అంటే మన ఆస్తాలిన్ నొక్కే బెల్ మీదే.

స్టెరాయిడ్ మాత్రం బెల్ నొక్కే రకం కాదు. తిన్నగా గోడ దాటి ఇంట్లోకే పోతుంది. లోపల కాచుకున్న తన రిసెప్టర్‌ని వెంటేసుకుని కేంద్రకంలోకి వెళ్ళి, వాపు పుట్టించే జన్యువుల నోరు మూయిస్తుంది. అందుకే దాని గుణం పూర్తిగా తెలియడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. "రెండు రోజులు పీల్చాను, ఏం తేడా లేదు" అని మానేసేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

నాడుల కొసల్లో ఇంకో రకం బెల్లులున్నాయి. వాటి గురించి మన వంటింటికి చెప్పక్కర్లేదు. ఎండుమిరపకాయలు తాలింపులో మాడితే ఇల్లంతా దగ్గుతుందే, అది టీఆర్‌పీవీ1 అనే రిసెప్టర్ పని. మిరపలోని క్యాప్సైసిన్‌ని పట్టుకుని దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో వైద్య నోబెల్ ఇచ్చారు. దాని చుట్టం టీఆర్‌పీఏ1. పొగలో ఉండే ఎక్రోలిన్ లాంటి ఘాటు రసాయనాలకు అది మోగుతుంది. చెన్నైలో భోగి తెల్లవారుజామున ఆయాసంవాళ్ళు పడే బాధ తెలిసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. 2018లో భోగి పొగ మంచుతో కలిసి కమ్ముకుని ఇక్కడి విమానాశ్రయంలో విమానాలే ఆగిపోయాయి.

ముందు, అసలు ఏ జబ్బు?

ఉబ్బసంలో గోడలు చాలావరకు బాగానే ఉంటాయి. బెల్లులు మోగించేవాళ్ళే మితిమీరుతారు. ఇసినోఫిల్స్, మాస్ట్ కణాలు అనే ఎలర్జీ కణాలు, వాటిని ఉసిగొల్పే ఐఎల్‌-4, ఐఎల్‌-5, ఐఎల్‌-13 అనే సంకేతాలు. ఇదంతా స్టెరాయిడ్ మాట వినే గుంపు. సీఓపీడీలో పొగ గోడల్నే పాడుచేసింది. సన్నటి గొట్టాలు గట్టిపడ్డాయి, గాలిగదుల అడ్డుగోడలు కూలాయి. అక్కడ చేరే కణాల్లో న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు అనే వేరే రకాలు ఎక్కువ. పైగా వాపు జన్యువుల్ని మూసేటప్పుడు స్టెరాయిడ్‌కి కుడిభుజంగా పనిచేసే హెచ్‌డాక్2 అనే ఎంజైమ్‌ని పొగ తగ్గించేస్తుంది. చెయ్యి విరిగినవాడిని తలుపు మూయమన్నట్టు ఉంటుంది. ఇక మన చేతిలో మిగిలింది వేగస్ నాడి బిగింపుని సడలించడం, అంటే ఎం3ని మూయడం. దానికి తోడు బీటా-2ని నొక్కడం.

తేల్చేది స్పైరోమెట్రీ, అంటే గట్టిగా ఊదించి గాలి కొలిచే పరీక్ష. పీల్చే మందు ఇచ్చాక కూడా మొదటి సెకనులో వదిలిన గాలి, మొత్తం వదిలిన గాలిలో 0.70 కంటే తక్కువ వంతు ఉంటే సీఓపీడీ వైపు. మందు ఇవ్వగానే ఆ మొదటి సెకను గాలి 12 శాతం, అదీ 200 మిల్లీలీటర్లకు తగ్గకుండా పెరిగితే ఉబ్బసం వైపు. రెండు లక్షణాలూ కలిసినవాళ్ళూ ఉంటారు. వాళ్ళని ఉబ్బసం కిందే లెక్కగట్టి స్టెరాయిడ్ తప్పనిసరి చేస్తారు. పరీక్షకు వెళ్ళేముందు ఫిల్టర్ కాఫీ తాగొద్దంటారు, చాదస్తం అనుకోకండి. కెఫీన్ కూడా కొద్దిగా గొట్టాలు తెరుస్తుంది, లెక్క తప్పుతుంది. పొద్దున్నే కాఫీ లేకుండా మా పెద్దమ్మని తాంబరం దాకా తీసుకెళ్ళడం ఆ రోజు నేను చేసిన అసలైన వైద్యసేవ.

ఇంకో రెండు మాటలు. రెండు వారాలు దాటిన దగ్గుంటే ఏ పంపూ కొనకముందే కళ్ళె పరీక్ష చేయించి క్షయ కాదని తేల్చుకోవాలి. రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు, రక్తంలో ఇసినోఫిల్స్ 3000 దాటిపోయి ఉంటే అది ఉబ్బసం కాక ఫైలేరియా పురుగు తెచ్చిన ట్రాపికల్ పల్మనరీ ఇసినోఫిలియా కావచ్చు. దానికి మందు పంపు కాదు, డైఇథైల్‌కార్బమజీన్ మాత్ర. కోస్తా జిల్లాలవాళ్ళు డాక్టరుకి ఊరి పేరు కూడా చెప్పాలనేది ఇందుకే.

ఆస్తాలినా, ఫోరాకార్టా?

ఉబ్బసంవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. ఆస్తాలిన్‌లో ఉండేది సాల్బుటమాల్. 1969లో బ్రిటన్‌లో మొదలై ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న మందు, నిమిషాల్లో పనిచేస్తుంది, నాలుగైదు గంటలు ఉంటుంది, చవక. ఫోరాకార్ట్‌లో ఉండేవి రెండు: ఫార్మోటెరాల్ అనే బీటా-2 మందు, బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్.

నా ఎంపిక దాపరికం లేకుండా చెప్తాను. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళ జేబులో ఒక్క పంపే ఉండాలంటే అది రెండోదే. ఉబ్బసం మీద అంతర్జాతీయంగా సలహాలిచ్చే గినా సంస్థ 2019 నుంచి అదే మాట చెబుతోంది: పెద్దలకు, పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కదానితో వైద్యం వద్దు. 2018లో వచ్చిన సిగ్మా అధ్యయనాలు తేలికపాటి ఉబ్బసంలో కూడా, ఆయాసం వచ్చినప్పుడే ఈ జోడీ మందు పీల్చినా పెద్ద దాడులు బాగా తగ్గుతాయని చూపాయి.

ఎందుకు? వీధిలో పిల్లలు పొద్దస్తమానం బెల్ నొక్కి పారిపోతుంటే ఇంటివాళ్ళు ఏం చేస్తారు? వైరు పీకేస్తారు. కణమూ అదే చేస్తుంది. బీటా-2 అదేపనిగా మోగుతుంటే లోపలి ఎంజైమ్‌లు దానికి ఫాస్ఫేట్ గుర్తులు తగిలిస్తాయి, ఎరెస్టిన్ అనే ప్రొటీన్ వచ్చి అతుక్కుంటుంది, రిసెప్టర్‌ని లోపలికి లాగేస్తారు. రోజూ సాల్బుటమాల్ మీదే బతికేవాడికి గొట్టం తెరుచుకోవడం కంటే ముందు పోయేది రక్షణ. దుమ్ము, చలిగాలి, పరుగు లాంటివి తగిలినప్పుడు మందు అడ్డుకునే శక్తి సన్నగిల్లుతుంది. అడుగున వాపు మాత్రం పెరుగుతూనే ఉంటుంది, మనిషికి తెలియదు, ఎందుకంటే పఫ్ కొట్టినప్పుడల్లా హాయిగానే ఉంటుంది కదా! స్టెరాయిడ్ ఈ రెండు చోట్లా పనికొస్తుంది. వాపుని దించుతుంది, కణం చేత కొత్త బీటా-2 రిసెప్టర్లు చేయిస్తుంది. పీకేసిన వైరు మళ్ళీ బిగించినట్టు.

గినా లెక్క ఒకటి గోడ మీద రాసుకోదగ్గది. ఏడాదికి మూడు లేదా అంతకు మించి సాల్బుటమాల్ పంపులు ఖాళీ అవుతుంటే పెద్ద దాడి వచ్చే ముప్పు పెరిగినట్టు. పన్నెండుకి చేరితే ప్రాణానికే ముప్పు పెరిగినట్టు. ఒక్కో పంపులో 200 పఫ్‌లుంటాయి. మా అక్క కొడుకుని అడిగితే "నెలకొకటి అవుద్ది మామా, చవకేగా" అన్నాడు. స్టెరాయిడ్ డబ్బా అమ్మమ్మకిచ్చేసి, అమ్మమ్మ ఆస్తాలిన్ పుచ్చుకున్న మహానుభావుడు వాడు. ఆ పుష్య మాసంలో ఓ రాత్రి మాట్లాడుతూ వాక్యం పూర్తి చెయ్యలేక ఆసుపత్రిలో చేరాక గానీ నా మాట చెవికెక్కలేదు.

రెండు జాగ్రత్తలు. జోడీ మందులన్నీ ఒకటి కావు. సెరోఫ్లోలో ఉండేది సాల్మెటెరాల్, ఫ్లూటికసోన్. సాల్మెటెరాల్ నిదానంగా మొదలవుతుంది కాబట్టి అది రోజూ రెండుపూటలా వాడేదే తప్ప, ఆయాసం వచ్చినప్పుడు కొట్టేది కాదు. ఫార్మోటెరాల్ సాల్బుటమాల్ అంత త్వరగా పని మొదలుపెట్టి పన్నెండు గంటల పాటు నిలుస్తుంది, అందుకే దానికి రెండు వేషాలూ నప్పుతాయి. దానికీ హద్దుంది. పెద్దవాళ్ళలో ఒక్కో పఫ్‌కి 6 మైక్రోగ్రాముల రకమైతే రోజంతా కలిపి పన్నెండు పఫ్‌లు. అన్ని కొట్టాల్సి వచ్చిందంటే అప్పటికే డాక్టరు దగ్గర ఉండాల్సిన రోజన్నమాట. ఇక సాల్మెటెరాల్, ఫార్మోటెరాల్ లాంటి దీర్ఘకాలపు బీటా-2 మందుల్ని స్టెరాయిడ్ తోడు లేకుండా ఉబ్బసంలో వాడటం ప్రమాదమని 2000ల్లోనే తేలింది. సీఓపీడీలో మాత్రం అవే మందులు ఒంటరిగా వాడినా ఫర్వాలేదు.

బెల్ నొక్కే మందులుంటే, నొక్కనివ్వని మందులూ ఉంటాయి. మైగ్రేన్‌కో, చేతుల వణుకుకో రాసే ప్రొప్రనలాల్ బీటా-2ని మూసేస్తుంది, ఉబ్బసంవాళ్ళకి దాడి తెప్పించగలదు. కంటిలో వేసే టిమలాల్ చుక్కలు కూడా అంతే, కంటి ఒత్తిడి జబ్బు గ్లకోమాకి వాడతారు. కంట్లో వేసింది ఛాతీలోకి ఎలా పోతుందంటారా? కన్నీటి గొట్టం ముక్కులోకి దిగుతుంది, అక్కణ్ణించి రక్తంలోకి. కళ్ళ డాక్టరుకి మీ ఆయాసం సంగతి, ఊపిరితిత్తుల డాక్టరుకి మీ చుక్కల సంగతి మీరే చెప్పాలి.

ఉమ్మెత్త చుట్ట నుంచి టియోట్రోపియం దాకా

పెద్దమ్మ వాళ్ళ నాన్న ఆయాసానికి ఎండిన ఉమ్మెత్త ఆకు చుట్టి కాల్చేవాడట. అది వట్టి మూఢనమ్మకం కాదు. ఉమ్మెత్తలో ఉండే ఎట్రోపిన్ కుటుంబం పదార్థాలు ఎం3ని మూసేస్తాయి. 1802 ప్రాంతంలో బ్రిటన్‌కి ఈ చిట్కా వెళ్ళింది మన మద్రాసు నుంచే, కంపెనీ కాలపు వైద్యుల ద్వారా. తర్వాత నూరేళ్ళకు పైగా అక్కడ ఉబ్బసం సిగరెట్లు అమ్ముకున్నారు. అయితే ఉమ్మెత్త విషం. మోతాదు తప్పితే మతి చలిస్తుంది, ప్రాణమే పోవచ్చు. తాతగారు చేశారు కదా అని ఎవరూ ప్రయోగాలు చెయ్యకండి.

ఆ ఎట్రోపిన్‌నే మార్చి, రక్తంలోకి పెద్దగా ఎక్కకుండా ఊపిరితిత్తుల్లోనే ఉండేలా చేస్తే వచ్చింది ఇప్రట్రోపియం. డ్యూయోలిన్‌లో లెవోసాల్బుటమాల్‌తో కలిపి ఉండేది అదే. దానికో లోపం ఉంది. నాడి కొస మీద ఎం2 అనే ఇంకో రిసెప్టర్ ఉంది, ఎసిటైల్‌కోలిన్ ఎక్కువ కాకుండా బ్రేకు వేసేది. ఇప్రట్రోపియం ఎం3తో పాటు ఆ బ్రేకునీ మూసేస్తుంది. తర్వాత వచ్చిన టియోట్రోపియం తెలివైనది. రెంటి మీదా వాలుతుంది, కానీ ఎం2 మీద నుంచి తొందరగా లేచిపోతుంది, ఎం3 మీద గంటల తరబడి కూర్చుంటుంది. అందుకే రోజుకొక్కసారి చాలు.

సీఓపీడీలో నా మొదటి ఓటు ఈ దీర్ఘకాలపు ఎం3 మందుకే. ఆయాసం రోజూ వేధిస్తుంటే దానికి దీర్ఘకాలపు బీటా-2 మందు జోడిస్తారు. ఈ మధ్య ఆ జోడీతోనే మొదలుపెట్టమంటున్నారు. స్టెరాయిడ్ అడగాలా వద్దా అన్నది ఓ చవకైన రక్తపరీక్ష చెబుతుంది. ఇసినోఫిల్స్ మైక్రోలీటరుకి 300 దాటి, పదే పదే జబ్బు ముదిరి ఆసుపత్రి పాలవుతుంటే స్టెరాయిడ్ కలపడం లాభం. 100 లోపుంటే లాభం లేకపోగా న్యుమోనియా ముప్పు. మా పెద్దమ్మకి 80 వచ్చింది. మనవడి డబ్బా ఆవిడకి ఎంత పరాయిదో ఆ అంకె చూశాక తెలిసింది. అలాగని పెద్దాసుపత్రి చీటీలో స్టెరాయిడ్ ఉంటే మీ అంతట మీరు మానెయ్యకండి. "నా ఇసినోఫిల్స్ ఎంత, ఇది నాకు ఎందుకు?" అని అడగండి, చాలు.

ఎం3 మందులతో నోరెండిపోతుంది. ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్ళకి మూత్రం బిగబట్టవచ్చు. నెబులైజర్ మాస్కులోంచి ఇప్రట్రోపియం పొగ కళ్ళకి తగిలితే గ్లకోమా ఉన్నవాళ్ళకి ఇబ్బంది. ఉబ్బసంలోనూ టియోట్రోపియంకి చోటుంది కానీ వరసలో వెనక, స్టెరాయిడ్ జోడీ సరిపోనప్పుడు తోడుగా.

మాత్రల సంగతి

మాంటెక్ ఎల్‌సీ మనవాళ్ళకి పంచదార బిళ్ళ అయిపోయింది. అందులో మాంటెలుకాస్ట్ ల్యూకోట్రయిన్ బెల్‌ని మూస్తుంది, లెవోసిట్రిజిన్ హిస్టమిన్ బెల్‌ని. తుమ్ములు, ముక్కు కారడం తోడున్న ఉబ్బసంలో, ఆస్పిరిన్ పడనివాళ్ళ ఉబ్బసంలో మాంటెలుకాస్ట్ ఉపయోగపడుతుంది. పీల్చే స్టెరాయిడ్‌కి మాత్రం సాటి రాదు. సీఓపీడీకి దీంతో పని లేదు. పైగా 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దీని డబ్బా మీద గట్టి హెచ్చరిక పెట్టించింది: పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు. పిల్లలకి మొదలుపెట్టాక నిద్రలో కేకలు వేస్తుంటే దిష్టి తియ్యడం తర్వాత, ముందు డాక్టరుకి చెప్పండి. హిస్టమిన్ బెల్‌ని మూసే మాత్ర ఒక్కదాంతో ఉబ్బసం తగ్గదు.

డెరిఫిలిన్ గురించి పెద్దగా చెప్పను. పాత మందు, పనిచేసే మోతాదుకి, విషమయ్యే మోతాదుకి మధ్య సందు బాగా ఇరుకు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ తోడైతే రక్తంలో పేరుకుపోతుంది. వాంతులు, గుండెదడ మొదలైతే ఆ సందు దాటినట్టే. పంపుకి మారే వీలుంటే మారడమే మేలు.

మృగశిర కార్తెకి హైదరాబాదు వెళ్ళి చేప మందు మింగుతామనేవాళ్ళతో నేను వాదించను. పనిచేస్తుందనడానికి రుజువు లేదని చెప్తాను, వెళ్ళేవాళ్ళు పంపు జేబులో పెట్టుకుని వెళ్ళమంటాను.

మందు ఒకటే, పంపు వేరు

మందు సరిగ్గా ఎంచుకుని పంపు తప్పు ఎంచుకునేవాళ్ళే ఎక్కువ. పొడి పీల్చే రకం, అంటే రొటాక్యాప్స్ లాంటివి, గట్టిగా వేగంగా లాగితేనే లోపలికి పోతాయి. మా వాడికి నప్పుతుంది. పెద్దమ్మ లాగితే సగం పొడి గొట్టంలోనే మిగిలింది. గ్యాస్ పంపుని దానికి ఎదురుగా, నిదానంగా లోతుగా పీల్చి పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరనివాళ్ళకి పంపుకి తగిలించే స్పేసర్ తప్పదు. ప్లాస్టిక్ డబ్బాకి డబ్బులెందుకు దండగ అనుకోకండి. మామూలు దాడిలో స్పేసర్‌తో కొట్టిన పఫ్‌లు నెబులైజర్‌కి ఏమాత్రం తీసిపోవు. సబ్బునీళ్ళలో ముంచి తీసి గాలికే ఆరనివ్వాలి, గుడ్డతో తుడిస్తే మందు గోడలకి అతుక్కుంటుంది.

చెన్నై తేమ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. క్యాప్సూల్‌ని వాడే నిమిషం దాకా ప్యాకింగ్‌లోంచి తియ్యకండి. వారానికి సరిపడా మాత్రల డబ్బాలో సర్దుకుంటే ఉక్కకి పొడి ముద్దకడుతుంది. ఇంకోటి, నవ్వొద్దు: ఆ క్యాప్సూల్స్‌ని నీళ్ళతో మింగేవాళ్ళని నేను స్వయంగా ముగ్గుర్ని చూశాను. స్టెరాయిడ్ పంపు ఏదైనా వాడాక పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి పూత. పంపులో మందెంత ఉందో నీళ్ళలో తేల్చి చూసే పద్ధతి నమ్మకండి, వాడిన పఫ్‌లు లెక్కపెట్టుకోండి.

మాట్లాడుతూ మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తోందా, పెదాలు నీలంగా ఉన్నాయా? ఆ రోజు పోలికలన్నీ పక్కన పెట్టి 108కి ఫోన్ చెయ్యండి. ఉబ్బసం దాడిలో బండి వచ్చేలోపు స్పేసర్‌తో సాల్బుటమాల్ నాలుగు నుంచి పది పఫ్‌లు, ఒక్కొక్కటిగా. ఇరవై నిమిషాలకోసారి, మొదటి గంట దాకా.

సూదిమందులు ఎవరికి?

పెద్ద మోతాదు పంపులు సరిగ్గా వాడుతున్నా ఉబ్బసం లొంగనివాళ్ళకి. "సరిగ్గా వాడుతున్నా" అన్న మాట కింద గీత గీసుకోండి. ఇవి నెలకి పదుల వేలల్లో ఖర్చు. వీటిలో కొన్ని బెల్ నొక్కడానికి వచ్చే వేలినే పట్టుకుంటాయి. ఒమలిజుమాబ్ ఎలర్జీ యాంటీబాడీ అయిన ఐజీఈని, మెపోలిజుమాబ్ ఐఎల్‌-5ని, టెజెపెలుమాబ్ శ్వాసనాళం పైపొర దెబ్బతిన్నప్పుడు పంపే టీఎస్‌ఎల్‌పీ అనే తొలి కేకని. మరికొన్ని బెల్ మీదే కూర్చుంటాయి. బెన్రలిజుమాబ్ ఐఎల్‌-5 రిసెప్టర్ మీద వాలి ఇసినోఫిల్స్‌నే చంపిస్తుంది. డుపిలుమాబ్ ఐఎల్‌-4 రిసెప్టర్‌ని మూస్తే ఐఎల్‌-4, ఐఎల్‌-13 రెండూ ఆగిపోతాయి, ఎందుకంటే రెండూ మోగించేది ఆ బెల్‌నే. ఇసినోఫిల్స్ ఎక్కువున్న సీఓపీడీకి కూడా 2024లో అమెరికాలో డుపిలుమాబ్‌కి అనుమతి వచ్చింది. ఏది నప్పుతుందో ఐజీఈ, ఇసినోఫిల్స్ అంకెలు చూసి డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు మా వాడి బ్యాగులో బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ జోడీ ఒకటే ఉంది, రోజూ వాడటానికీ అదే, ఆయాసానికీ అదే. పెద్దమ్మకి పొద్దున్నే టియోట్రోపియం, క్యాప్సూల్ కాదు, స్పేసర్‌తో కొట్టే గ్యాస్ పంపు. అవసరానికి ఆస్తాలిన్, అదీ స్పేసర్‌తోనే. ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు వేయించాం. మందులన్నిటి కంటే ముఖ్యమైనది పొగ మానడమని డాక్టరు చెప్తే గట్టిగా తలూపింది. తీరా నెల్లూరు వెళ్ళాక ఫోన్ చేస్తే వంట గ్యాస్ మీదేనట, స్నానానికి నీళ్ళు మాత్రం పెరట్లో కట్టెల పొయ్యి మీదేనట. గీజరు పెట్టిస్తానంటే "కరెంటు బిల్లు నువ్వు కడతావా నాయనా?" అంది. కడతానన్నాను. వచ్చే ఆదివారం మనిషిని పంపిస్తున్నాను.